వాన నీళ్లు అపార్ట్‌మెంట్‌లోకి ఎక్కినప్పుడు: నా అనుభవం

వరద నీళ్లు గేటు నుంచే వస్తాయనుకుని అందరూ ముందు గేటుకు అడ్డంగా ఇసుక బస్తాలు వేస్తారు. మా దగ్గర ముందుగా వచ్చింది గ్రౌండ్ ఫ్లోర్ బాత్‌రూముల్లోంచి. నాలా పక్కన, పల్లంలో ఉన్న అపార్ట్‌మెంట్లలో తరచూ జరిగేది ఇదే. రోడ్డు మీద మ్యాన్‌హోల్ నిండితే డ్రైనేజీ నీళ్లు ఎదురుతన్ని, అన్నిటికంటే కిందున్న జాలీలోంచి, కమోడ్‌లోంచి పైకొస్తాయి. జాలీలో గుడగుడ చప్పుడు, కమోడ్‌లో నీళ్లు పైకీ కిందికీ ఊగడం మొదటి గుర్తులు.

కమోడ్‌లో మందపాటి పాలిథీన్ కవరు పరిచి, దాని మీద ఇసుక బస్తా పెట్టాలి. సిమెంటు సంచిని సగమే నింపి మూతి కట్టాలి. నిండా నింపితే బిర్రుగా అయిపోయి కమోడ్‌లో ఒదగదు, సందుల్లోంచి నీళ్లు ఉబుకుతాయి. జాలీకైతే తడిగుడ్డ గట్టిగా కుక్కి, పైన కవరు, ఆపైన ఇంకో బస్తా.

ఇదంతా చేసినా పై ఫ్లోర్ల వాళ్లు నీళ్లు వాడితే లాభం లేదు. బయటికి దారి మూసుకుపోయింది కాబట్టి, మూడో అంతస్తులో ఫ్లష్ చేసినా, వాషింగ్ మెషీన్ తిప్పినా ఆ నీళ్లు తేలేది గ్రౌండ్ ఫ్లోర్‌లోనే. వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ పెడితే సరిపోదు. తలుపు తట్టి చెప్పాలి, చాలామందికి ఈ సంగతే తెలియదు. తర్వాత మేం డ్రైనేజీ చాంబర్‌లో నాన్ రిటర్న్ వాల్వ్ (నీళ్లను బయటికి వదిలి, వెనక్కి రానివ్వనిది) పెట్టించాం. అదున్నా ఈ నియమం మారదు. దాని లోపల తెరుచుకుని మూసుకునే రేకులో గుడ్డ పీలిక ఇరుక్కుంటే వాల్వ్ మూసుకోదు, అందుకే వానాకాలానికి ముందు మూత తీసి కడగాల్సిందే.

సెల్లార్‌లో గది ఉంటే వాచ్‌మన్ కుటుంబాన్ని అందరికంటే ముందు పైకి తీసుకురావాలి. పిల్లలు నిద్రలో ఉంటారు, నీళ్లు ర్యాంపు మీదుగా ఒక్కసారిగా దిగుతాయి. వాన తగ్గిందని నిమ్మళపడకూడదు. హైదరాబాద్‌వి గొలుసుకట్టు చెరువులు, ఒకటి నిండితే నీళ్లు దాని కింది చెరువుకు పోతాయి. పై చెరువు అలుగు పారితే ఆ నీళ్లు కిందికి చేరడానికి టైం పడుతుంది. కట్ట తెగితే ఇక చెప్పనక్కర్లేదు. 2020 అక్టోబరులో హైదరాబాద్ శివార్లలోని గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి బెంగళూరు హైవేనే ముంచేసింది.

లిఫ్టును పై ఫ్లోరుకు పంపి ఆఫ్ చెయ్యాలి. మీటర్ బోర్డు సెల్లార్‌లో ఉంటే నేల పొడిగా ఉన్నప్పుడే మెయిన్ దించాలి. నీళ్లు చేరాక దాని దగ్గరికి ఎవరూ వెళ్లొద్దు. 1912కు ఫోన్ చేసి లైన్‌మన్‌తో బయటి నుంచే సప్లై తీయించుకోవాలి. మునిగిన కారును స్టార్ట్ చెయ్యొద్దు, ఇంజన్‌లోకి నీళ్లు పోతే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి.

సంపు మోటారుకు ఆటోమేటిక్ స్టార్టర్ ఉంటే దాన్నీ ఆఫ్‌లో పెట్టాలి. లేకపోతే కరెంటు రాగానే అదే ఆన్ అయి, సంపులో చేరిన మురికి నీళ్లను ఓవర్‌హెడ్ ట్యాంకులోకి ఎక్కిస్తుంది. అప్పుడు సంపుతో పాటు ట్యాంకు, పైపులు అన్నీ కడగాలి.

సెల్లార్ నీళ్లు తోడటానికి డీజిల్ పంపు తెస్తే బయటే పెట్టాలి, లోపల దాని పొగ ప్రాణం తీస్తుంది. రోడ్డు మీద నీళ్లు దిగకముందే తోడితే అవి మళ్లీ లోపలికే వస్తాయి. పైగా లోపలి నీళ్లు ఒక్కసారిగా పోతే, బయట తడిసిన మట్టి బరువు సెల్లార్ గోడల మీద పడుతుంది. అందుకని కొంచెం కొంచెంగా తోడాలి.

సంపు పూర్తిగా ఖాళీ చేసి, మూత చాలాసేపు తెరిచి ఉంచాకే, పైన ఇద్దరు కాపలా ఉండగా ఒకరు దిగాలి. లోపల విషవాయువు ఉంటే దిగినవాళ్లకు అరిచే టైం కూడా ఉండదు. బురద తీసి, గోడలు రుద్ది, మంచినీళ్లు నింపి, 10,000 లీటర్లకు 2 కిలోల తాజా బ్లీచింగ్ పౌడర్ బకెట్‌లో కలిపి పైన తేరిన నీళ్లు పొయ్యాలి. రాత్రంతా ఉంచి ఆ నీళ్లన్నీ పారబోయాలి. పాత ప్యాకెట్‌లో క్లోరిన్ ఎగిరిపోయి ఉంటుంది, వాసన ఘాటుగా లేకపోతే వాడొద్దు. ఆ తర్వాత నింపిన నీళ్లకు 1,000 లీటర్లకు రెండున్నర గ్రాములు చాలు. కలిపాక కనీసం గంట ఆగాలి, తాగే నీళ్లు మాత్రం కొన్నాళ్లు కాచే తాగాలి.