ఎం1 గట్టెక్కింది, కండొనేషన్ దగ్గరే చుక్కలు కనబడ్డాయి

ఫస్ట్ సెమ్ రిజల్ట్స్ వచ్చేశాయి, ఎం1 పాస్. ఎం1 అంటే ఇంజినీరింగ్ మొదటి సెమిస్టర్ లెక్కల పేపరు, మాకు ఐదు యూనిట్లు: మొదటి రెండూ మాట్రిసెస్, మిగతా మూడూ కాలిక్యులస్. సబ్జెక్టుతో నాకెప్పుడూ పేచీ లేదు. పేచీ అంతా అటెండెన్స్‌తోనే.

వైజాగ్ చుట్టుపక్కల అఫిలియేటెడ్ కాలేజీలు చాలావరకు విజయనగరం జేఎన్‌టీయూ కిందకి వస్తాయి. అటానమస్ కాలేజీలకీ, డీమ్డ్ యూనివర్సిటీలకీ రూల్స్ వేరు. కాబట్టి సీనియర్ చెప్పింది నమ్మకుండా మీ బ్యాచ్ అకడమిక్ రెగ్యులేషన్స్ పీడీఎఫ్ తీసి చదవండి. మా దాంట్లో ఉన్నది ఇది: అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే తగిన కారణం చూపించి, ఫీజు కట్టి కండొనేషన్, అంటే హాజరు లోటుకి మాఫీ, తెచ్చుకోవచ్చు. 65 కన్నా తక్కువైతే డిటెన్షన్, అంటే సెమిస్టర్ మొత్తం మళ్లీ చదవాలి. మా లెక్చరర్ మాత్రం ఎం1 ఒక్కదాంట్లోనే 75 లేకపోతే పరీక్ష రాయనివ్వనని మొదటి క్లాసు నుంచీ బెదిరించారు. ఆ రూల్ ఎక్కడా లేదు. సబ్జెక్టుకి విడిగా కనీస హాజరు ఉంటుంది గానీ అది 75 కన్నా చాలా తక్కువ.

లెక్క రోజులతో కాదు, పీరియడ్లతో వేస్తారు. మూడు గంటల ల్యాబ్ మానేస్తే మూడు పీరియడ్లు పోయినట్టే. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర కాలేజీ బస్సే ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా మొదటి పీరియడ్ ఆబ్సెంట్ పడుతుంది. ఆ రోజే క్లాస్ ఇన్‌ఛార్జికి రాసివ్వండి, మర్నాడు ఎవరూ వినరు. 75కి చేరాలంటే వరసగా ఎన్ని పీరియడ్లు కూర్చోవాలో చిన్న సూత్రం ఉంది: జరిగిన పీరియడ్లని మూడుతో గుణించి, అందులోంచి మీరు హాజరైనవాటికి నాలుగు రెట్లు తీసేయండి. 300 జరిగి 213కి వెళ్లారనుకోండి, అంటే 71 శాతం. 900లోంచి 852 పోతే 48. రోజుకి ఏడు పీరియడ్లయితే ఏడు రోజుల పని. ఆఫీసులో ఎక్సెల్ పెట్టుకున్నవాళ్లకి కూడా ఇది తెలీదు, నేనే చెప్పాను.

నాకు సెమిస్టర్ నడిమధ్య డెంగీ. ప్రైవేటు ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ, ప్లేట్‌లెట్ రిపోర్టులు అన్నీ పట్టుకెళ్లాను. కిటికీ అవతల గుమస్తా లైన్లో అందరూ వింటుండగా, ‘ఏటి బాబూ, పెళ్లిళ్లకి తిరిగొచ్చి ఇప్పుడు డెంగీ అంటావేటి?’ అన్నాడు. వెనకాల అమ్మాయిలు నవ్వారు. రిపోర్టుల మీద తేదీలు చూడమంటే, ‘రిపోర్టులు కాదు, సర్టిఫికెట్ కావాలి’ అని కాగితాలు తోసేశాడు. ఏ సర్టిఫికెట్టో మాత్రం చెప్పలేదు. నోటీసు బోర్డు మీదా లేదు.

తర్వాత తేలిందేమిటంటే, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు, సీలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు క్లాసుకి రాలేని స్థితి, ఏ రోజు నుంచి ఫిట్, ఇవన్నీ ఒకే కాగితం మీద ఉండాలి. అసలు దెబ్బ ఇక్కడే పడుతుంది. ఆసుపత్రిలో ఉన్న రోజులకే రాయించుకుంటే, ఇంట్లో పడుకున్న వారం లెక్కలోకి రాదు. డిశ్చార్జ్ రోజే ‘బెడ్ రెస్ట్’ ఎన్నాళ్లో సమ్మరీలో రాయించుకోండి. తిరిగి కాలేజీకి వచ్చిన వెంటనే ఇవ్వండి, సెమిస్టర్ చివర్లో ఇస్తే దొంగ సర్టిఫికెట్టనే చూస్తారు. ఇచ్చిన ప్రతి కాగితం జిరాక్స్ మీద రిసీవ్డ్ సంతకం, తేదీ పెట్టించుకోండి. నా మొదటి సెట్ ‘మా దగ్గర లేదు’ అన్నప్పుడు ఆ సంతకమే కాపాడింది. ఆ తర్వాత నాన్న సంతకం, హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్), ఫీజు రసీదు, ప్రిన్సిపాల్. వీళ్లెవరూ ఏమీ అనలేదు. అధికారం తక్కువున్న చోటే అహంకారం ఎక్కువని అనిపించింది.

మిడ్స్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే ఇంటర్నల్ పరీక్షలు) సంగతి సులువే. 30కి రెండు మిడ్స్. ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, రెండోదానికి 20 శాతం. 24, 14 వస్తే 19.2కి 2.8 కలిపి 22. ఇంటర్నల్స్‌లో 30కి 30 వచ్చినా ఎక్స్‌టర్నల్‌లో (సెమిస్టర్ చివరి పరీక్షలో) 70కి 35 శాతం, అంటే 25 రాకపోతే ఫెయిలే. మొత్తం 40 దాటింది కదా అని ధీమాగా ఉన్నవాళ్లు మా సెక్షన్లోనే సప్లీకి ఫీజు కడుతున్నారు.

పేపర్లో ప్రతి యూనిట్‌కీ ఇదో అదో అని ఛాయిస్ ఉంటుంది కాబట్టి ఏ యూనిట్టూ వదిలెయ్యొద్దు. మాగ్జిమా మినిమాలో స్టేషనరీ పాయింట్లు కనుక్కుని ఆగిపోతే సగం మార్కులే. ప్రతి పాయింటు దగ్గరా ఆర్‌టీ మైనస్ ఎస్ స్క్వేర్ గుర్తు (ఆర్, ఎస్, టీ అంటే రెండో పార్షియల్ డెరివేటివ్‌లు), అది ప్లస్ అయితే ఆర్ గుర్తు కూడా చూపించాలి. ఐదో యూనిట్లో ఛేంజ్ ఆఫ్ ఆర్డర్‌కి (ఎక్స్, వైలలో దేన్ని ముందు ఇంటిగ్రేట్ చేయాలో ఆ వరస మార్చడానికి) ముందు బొమ్మ గీయండి. ఉదాహరణకి ఎక్స్ 0 నుంచి 1, వై విలువ ఎక్స్ స్క్వేర్ నుంచి 2 మైనస్ ఎక్స్ వరకు, లోపల ఎక్స్‌వై. ఈ లెక్క తిరగేస్తే ఒక ఇంటిగ్రల్ రెండవుతుంది. వై 0 నుంచి 1 వరకు ఎక్స్ పైహద్దు రూట్ వై, 1 నుంచి 2 వరకు పైహద్దు 2 మైనస్ వై. మొదటిది 1/6, రెండోది 5/24, కలిపితే 3/8. బొమ్మ లేకుండా చేసేవాళ్లు ఒకే ముక్కగా రాసి, తప్పెక్కడో తెలీక పేజీలు నింపుతారు. పోలార్‌లోకి మారుస్తూ డీఆర్ డీతీటా పక్కన ఆర్ మర్చిపోవడం, స్ఫెరికల్‌లో ఆర్ స్క్వేర్ సైన్ తీటా మర్చిపోవడం కూడా ఇలాంటివే.

ప్రోగ్రామబుల్ కాలిక్యులేటర్ లోపలికి రానివ్వరు, స్మార్ట్ వాచీ కూడా.