లండన్ వర్తకుల టోకెన్లు: ఫార్దింగుల పళ్ళెం ఎంతవరకు వచ్చింది

లండన్ దుకాణదారులు 1640ల చివరి నుంచి 1672 వరకు సొంతంగా వేయించుకున్న చిల్లర టోకెన్లను గుంటల పళ్ళేల్లో వరుసగా అమర్చే నా పనిలో ఫార్దింగుల (పెన్నీలో నాలుగో వంతు విలువైనవాటి) భాగం ఇప్పుడు ఓ కొలిక్కి వచ్చింది. ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్ అనుమతితో చెలామణి అయిన రాగి ఫార్దింగులు అంతర్యుద్ధంతో మూలబడటంతో, పెన్నీలో నాలుగో వంతుకు సరుకు అమ్మే కొట్టువాడు చిల్లర దొరక్క తన పేరుతోనే రాగి, ఇత్తడి బిళ్ళలు కొట్టించుకున్నాడు. వాటిలో చాలావాటిని తయారుచేసినవాడు లండన్ టవర్ కోటలోని టంకశాలలో పనిచేసిన డేవిడ్ రామేజ్.

శుభ్రం చేయడంలో నా నియమం ఒక్కటే: వీలైనంత తక్కువ. మన ఇళ్ళలో ఇత్తడి చెంబును తోమినట్లు చింతపండుతో రుద్దితే మెరుపు వస్తుంది గానీ, దానితోపాటు అక్షరాలూ పోతాయి. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మెత్తబడిన మట్టిని వెదురు పుల్లతో తీసి, పూర్తిగా ఆరబెడుతున్నాను. గట్టి చిలుము లోహాన్ని కాపాడుతుంది కనుక దాని జోలికి పోను. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే మాత్రం అది తుప్పు పాకుతున్న లక్షణం, ఆ బిళ్ళను వెంటనే వేరు చేసి తేమను పీల్చే సిలికా జెల్‌తో ఉంచాలి. పీవీసీ కవర్లు అసలు వాడకూడదు.

ఇక చదవడం. దీపాన్ని పక్క నుంచి వాలుగా పెట్టి ఫొటో తీస్తే అరిగిన అంచులోని పేరు, వీధి కొంత తేలుతాయి. నడుమ మూడు అక్షరాలుంటే పైది ఇంటిపేరుది, కింద ఎడమది భర్తది, కుడిది భార్యది. అప్పట్లో ‘జె’కు బదులు ‘ఐ’ వేసేవారు. నా దగ్గరున్న లండన్‌లోని హోల్‌బోర్న్ ప్రాంతపు బిళ్ళ ఒకదానిపై పేరు పూర్తిగా అరిగిపోయినా ఈ మూడక్షరాలూ, మద్యం వర్తకుల గుర్తయిన మూడు పీపాలూ మిగిలాయి. చర్చి పెళ్ళి పుస్తకాల్లోనూ, 1662లో మొదలైన పొయ్యి పన్ను జాబితాల్లోనూ వెతకడానికి ఆ మాత్రం ఆధారం చాలు. ఆ కాలపు వ్యాపారంలో ఇల్లాలి వాటాకు ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం నాకు మరెక్కడా కనబడలేదు.

లండన్‌లోని ఎక్స్ఛేంజ్ ఆలీ అనే సందులోని కాఫీ హౌస్ వారు తుర్కీ సుల్తాన్ మురాద్ తలతో వేయించిన బిళ్ళ మీద ఆశ ఉంది గానీ, దాని ధర నా అందుబాటులో లేదు. తరువాతి పని 1660లలో ఎక్కువైన హాఫ్‌పెన్నీలది (అర పెన్నీ బిళ్ళలది). వాటిలో ఎనిమిది పలకలవీ, హృదయాకారంలో ఉన్నవీ గుండ్రటి గుంటల్లో ఇమడవు కాబట్టి, ముందుగా చదరపు గళ్ళ పళ్ళెం ఒకటి చేయించాలి.