బరంపురంలో దేరా నేతగాళ్ళ వీధులు

ఇచ్ఛాపురం దాటాక స్టేషను బోర్డుల మీది లిపి ఒడియాకు మారిందని ఆలస్యంగా గమనించాను. రెండూ గుండ్రని అక్షరాలే కావడంతో దూరం నుంచి కళ్ళు మోసపోయాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు ఇచ్ఛాపురం, నేను వెళ్తున్న బరంపురం రెండూ మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లావే. పూర్వ రాష్ట్రపతి వి.వి.గిరి 1894లో పుట్టింది బరంపురంలోనే. అయితే నేను వెళ్ళింది పాతపేటలో దేరా అనే నేత కులంవారి వీధులు చూడడానికి.

అప్పడాల, ఊరగాయల దుకాణాలతో కిక్కిరిసిన పెద్ద బజారు దాటి సందులోకి తిరగగానే రద్దీ సద్దుమణిగింది. గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు, ముందు ఇరుకుగా, లోపలికి పొడవుగా సాగిపోతున్నాయి. ఒక ఇంట మగ్గం చప్పుడు వినిపించి గుమ్మం దగ్గర నిలబడ్డాను. "ఏ ఊరు బాబూ మీది?" అన్నారు ఒక పెద్దాయన, మనవడితో ఒడియాలో మాట్లాడుతున్నవారే, నన్ను చూసి తెలుగులోకి మారుతూ. ఈ ప్రాంతాన్ని ఏలిన మహురి ప్రభువులు తమ పూర్వులను రాజమహేంద్రవరం వైపు నుంచి పిలిపించుకున్నారని వారి కులంలో చెప్పుకుంటారు. ఇంటి బయట ఒడియా ఎంత పట్టుబడినా, పడుగు, పేక, నాడె, అచ్చు అనే మాటలు మాత్రం ఆయన నోట తెలుగులోనే ఉన్నాయి.

బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది. గుడి శిఖరాల వరుసలాంటి అంచు దాని ప్రత్యేకత. ఒడియాలో దానిని ఫోడా కుంభ అంటారు. నడిమి బట్ట ఒక రంగు, అంచులు మరో రంగు కావడంతో పేక నూలును అటూ ఇటూ తీసుకెళ్ళే నాడెలు మూడు నడపాలి, ఆ రంగులు కలిసేచోట పోగుతో పోగు పెనవేయాలి. ఇంత ఓపికకు దక్కే కూలి ఎంతో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. కొడుకు సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేస్తున్నాడని మాత్రం అన్నారు. గంజాం నుంచి అక్కడికి వెళ్ళినవారు కోకొల్లలు.

మగ్గం కన్నా ఆయన ఎక్కువ సేపు మాట్లాడింది రెండేళ్ళకొకసారి వచ్చే ఠాకురాణి జాతర గురించి. ఊరి అమ్మవారైన బుఢీ ఠాకురాణి దేరావారి ఆడపడుచు. కులపెద్ద అయిన దేశిబెహెరా తండ్రి స్థానంలో సతీసమేతంగా గుడికి వెళ్ళి ఆమెను పుట్టింటికి తీసుకువస్తారు. ఆ దినాలలో వీధిలో తాత్కాలికంగా గుడి వెలుస్తుంది, సాయంత్రాలు ఘటాలు ఊరేగుతాయి, మొక్కుకున్నవారు రకరకాల వేషాలు కడతారు. అమ్మవారు దిగే చోటు చూపించమని అడిగితే ఆయన నాతో వీధి చివరిదాకా నడిచి వచ్చారు. జాతర లేని సంవత్సరం కనుక అక్కడ నాలుగు స్కూటర్లు నిలిపి ఉన్నాయి.