రెండు క్లినిక్‌లు, ఒక లెక్కల పుస్తకం: ఐయూఐ మొదలుపెట్టిన మా అనుభవం

గత శనివారం ఉదయం హనుమకొండలో నాకు రెండవ ఐయూఐ (వీర్యకణాలను సన్నని గొట్టంతో నేరుగా గర్భసంచిలోకి పంపే చికిత్స) జరిగింది. పరకాలకు తిరిగి వచ్చి, బడికి రెండు రోజులు సెలవు పెట్టి, ఖర్చులు రాసుకున్న పుస్తకాన్ని ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఫలితం ఏమవుతుందో ఇంకా తెలియదు. అయినా డిసెంబరులో మేము క్లినిక్‌ను ఎంచుకున్న తీరు, దానికి చెల్లించిన మూల్యం మనసులో పచ్చిగా ఉన్నప్పుడే చెప్పాలనిపించింది.

నాకు 32 ఏళ్లు, మా ఆయనకు 36. పెళ్లై ఆరేళ్లయింది. నేను ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తాను. ఆయనకు వ్యవసాయ మోటార్ల వైండింగ్ దుకాణం ఉంది. ఆ డిసెంబరుకు ముందు మూడేళ్లలో జరిగిన పరీక్షలన్నీ నాకే జరిగాయి. థైరాయిడ్, అండాల నిల్వను చూపే ఏఎంహెచ్ రక్తపరీక్ష, చివరికి అండం ప్రయాణించే ట్యూబులు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే ఎక్స్‌రే పరీక్ష హెచ్‌ఎస్‌జీ కూడా అయ్యాయి. ఆ హెచ్‌ఎస్‌జీ నొప్పిని పళ్ల బిగువున భరించాను. రెండు ట్యూబులూ బాగున్నాయని తేలింది. సంతానం కలగని జంటలలో సుమారు సగం మందిలో పురుషుడి వైపు కారణం కూడా ఉంటుందని వైద్యులు చెబుతుండగా, వెయ్యి రూపాయల చిల్లరతో అయిపోయే ఆయన వీర్య పరీక్షను మూడేళ్లపాటు ఎవరూ అడగలేదు. మా అత్తమ్మ మంచి మనిషి, నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆమె కూడా నన్ను గుడులకు, ఆసుపత్రులకు తీసుకువెళ్లిందే తప్ప కొడుకును పరీక్షకు పొమ్మని చెప్పలేదు. ఆడవాళ్ల ఒంటిమీద సూదులన్నీ అయిపోయిన తరువాతే మగవాళ్ల వంతు రావడం మన ఇళ్లలో మారితీరవలసిన అలవాటు.

మొదటి క్లినిక్‌ను ఎందుకు ఎంచుకున్నామని అడిగితే చెప్పుకోదగిన కారణం లేదు. కాజీపేట నుంచి హనుమకొండకు వచ్చే దారిలో దాని బోర్డులు పెద్దవిగా కనిపించేవి, దూరపు బంధువొకరు బాగుంటుందన్నారు, అంతే. రిజిస్ట్రేషన్‌తో కలిపి 800 రూపాయలు కట్టి లోపలికి వెళితే డాక్టరుగారు మాతో నాలుగు నిమిషాలు మాట్లాడి, మమ్మల్ని కౌన్సెలర్ గదికి పంపించారు. నా ఏఎంహెచ్ రిపోర్టు అప్పటికి రెండు నెలల నాటిది. రెండు నెలల్లో చెప్పుకోదగినంతగా మారే పరీక్ష కాదది. అయినా తమ ల్యాబ్‌లో చేసినవి మాత్రమే చెల్లుతాయన్నారు. మా ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తం ఇచ్చి, తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా ఉచితంగా చేయించుకున్న థైరాయిడ్, షుగర్ రిపోర్టులను కూడా పక్కన పెట్టారు. అన్నీ మళ్లీ చేయించడానికి 9,400 రూపాయలు కట్టాము. ఎదురు చెప్పాలని తెలిసినా ఆ రోజు నాకు నోరు రాలేదు.

ఆ తరువాత జరిగింది నేను మరచిపోలేనిది.

మా ఆయన వీర్యం శాంపిల్ ఇవ్వాలన్నారు. అందుకు కేటాయించిన గది బిల్లింగ్ కౌంటరు పక్కనే ఉంది; ఒక వైపు స్నానాల గది, మరో వైపు కుర్చీలలో కూర్చున్న ముప్పై మంది జనం. తలుపు గడియ సరిగా పడదు. నా చేతిలో ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టి, సార్‌కు ఇవ్వండని చెప్పి పంపేశారు. ఎలా తీసుకోవాలో, అంతకుముందు కలయికకు ఎన్ని రోజులు దూరంగా ఉండాలో, కొంత బయట పడితే ఏం చేయాలో ఒక్కరూ చెప్పలేదు. ఆయన లోపలికి వెళ్లి పావుగంట అయ్యేసరికి ఆయా వచ్చి తలుపు కొట్టి, హాలంతా వినబడేలా పేరు పెట్టి పిలిచి, "సార్, శాంపిల్ ఇచ్చిండ్రా? ఇంకెంతసేపు? వెనుక ఇంకిద్దరున్నరు" అన్నది. కుర్చీలలో ఉన్నవాళ్లలో మా పరకాల వాళ్లు కూడా ఇద్దరున్నారు. మరో పది నిమిషాలకు ఆమె మళ్లీ కొట్టింది. చివరికి ఆయన చొక్కా చెమటతో తడిసి బయటికి వచ్చి, డబ్బాను కౌంటరు మీద అందరి ముందూ పెట్టవలసి వచ్చింది. ఆయన నా ముఖం వైపు చూడలేదు. పొలాలలో కాలిపోయిన మోటార్లను రాత్రింబవళ్లు కూర్చుని బాగుచేసి, రైతు ముఖంలో వెలుగు చూసి సంతోషపడే మనిషి ఆ రోజు తల ఎత్తలేక కూర్చున్నారు.

రెండు గంటల తరువాత రిపోర్టు చేతికి వచ్చింది. పరిమాణం 0.6 మిల్లీలీటర్లు, వీర్యకణాల కౌంట్ మిల్లీలీటరుకు 7 మిలియన్లు. కౌన్సెలర్ ఆ కాగితాన్ని మా వైపు తిప్పి, సంఖ్యల కింద గీత గీసి, ఈ కౌంట్‌తో మామూలుగా కష్టమని, మూడు సైకిళ్ల (ఒక నెలసరికి ఒక విడత చొప్పున మూడు విడతల) ఐయూఐ ప్యాకేజీ 66,000 రూపాయలని, అది కూడా ఆ రోజే కడితేనే తగ్గింపు ఉంటుందని, కుదరకపోతే దాత వీర్యం గురించి గానీ ల్యాబ్‌లో పిండాన్ని తయారుచేసే ఐవీఎఫ్ గురించి గానీ ఆలోచించుకోవాలని ఒకే ఊపిరిలో చెప్పింది. ఆయనకు అక్టోబరులో పది రోజులపాటు తీవ్రమైన జ్వరం వచ్చిందా అని అడగలేదు. శాంపిల్ మొత్తం డబ్బాలో పడిందా అని అడగలేదు. మేము భయపడి 10,000 రూపాయలు అడ్వాన్సు కట్టి, పరీక్షకు మరో 1,200 కట్టి బయటపడ్డాము. బస్సులో పరకాల దాకా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక, సగానికి పైగా బయటే పోయిందని, ఆ గందరగోళంలో చెప్పడానికి సిగ్గుపడ్డానని చెప్పారు.

ఈ ఒక్క మాట ఆ రోజు అడిగి ఉంటే మాకు మూడు వారాల నిద్ర మిగిలేది. వీర్యంలో మొదట వచ్చే భాగంలోనే కణాలు ఎక్కువగా ఉంటాయి. ఆ భాగం పోతే మిగిలినదాన్ని పరీక్షించి చెప్పే సంఖ్యకు విలువ లేదు. పైగా వీర్యకణం తయారు కావడానికి రెండున్నర నెలల దాకా పడుతుంది కనుక, అంతకుముందు వచ్చిన జ్వరం ప్రభావం కూడా రిపోర్టులో కనిపిస్తుంది. ఒక్క రిపోర్టును పట్టుకుని నిర్ణయం తీసుకోరాదని, మళ్లీ చేయించాలని రెండవ క్లినిక్ డాక్టరమ్మ చెప్పేదాకా మాకు తెలియదు.

ఆ రెండవ క్లినిక్‌ను ఈసారి నేనే వెతికాను. అడగవలసినవన్నీ ఫోనులో అడిగాను: సైకిల్‌కు ఏ ఖర్చు ఎంతో విడివిడిగా కాగితం మీద రాసిస్తారా, బయటి రిపోర్టులు చెల్లుతాయా, సూదులు బయటి మందుల దుకాణంలో కొనుక్కోవచ్చా, ఆదివారం అండం విడుదలయ్యే సమయం వస్తే ఐయూఐ చేస్తారా. నాలుగు చోట్ల అడిగితే, "వచ్చి మాట్లాడండి" అనకుండా సమాధానం చెప్పింది ఒక్క చోటే. అక్కడ హాలులో రిజిస్ట్రేషన్ పత్రం గోడకు కనిపించింది. సంతాన సాఫల్య చికిత్సలను నియంత్రించే 2021 నాటి ఏఆర్‌టీ చట్టం, 2022 నాటి నియమాల ప్రకారం ఐయూఐ మాత్రమే చేసే క్లినిక్‌లు లెవెల్ 1, ఐవీఎఫ్ చేసేవి లెవెల్ 2. ఇది లెవెల్ 1. ఐవీఎఫ్ అమ్మవలసిన అవసరం లేని చోట ఐయూఐ గురించి నిజం చెబుతారని నా అభిప్రాయం. అయితే ట్యూబులు మూసుకుపోయినవారు, వయసు మీరినవారు లెవెల్ 2కే నేరుగా వెళ్లడం మంచిది. ఖర్చు, విజయావకాశాలు, దుష్ప్రభావాలు ముందుగా వివరించవలసిన బాధ్యతను ఆ చట్టమే క్లినిక్‌ల మీద పెట్టింది. ఈ డాక్టరమ్మ మా వయసులో ఒక్కో సైకిల్‌కు నూటికి పది నుంచి పదిహేను మందికి మాత్రమే గర్భం నిలుస్తుందని, మూడు సార్లు చూసి ఆగి ఆలోచిద్దామని మొదటి రోజే చెప్పింది. తక్కువ సంఖ్య విని కూడా నాకు ధైర్యం వచ్చింది.

శాంపిల్ విషయంలో ఆమె చెప్పిన ఉపాయం మా ఆయన పరువు కాపాడింది. శాంపిల్ ఇంటి నుంచి తేవచ్చు, కానీ గంటలోపు, వీలైతే అరగంటలోనే, శరీరపు వెచ్చదనం తగిలేలా జేబులో పెట్టుకుని తేవాలన్నది. పరకాల నుంచి గంటకు పైగా ప్రయాణం కనుక అది కుదరదు. నయీంనగర్‌లో మా పెద్దక్క ఇల్లుంది. అడగడానికి రెండు రోజులు జంకాను. అడిగితే అక్క ఒక్క ప్రశ్న వేయలేదు. "తాళంచెవి పూలకుండీ కింద పెడత. పిల్లలను తీస్కొని భద్రకాళి గుడికి పోత, పదకొండు దాకా రాము" అన్నది. మూడు రోజులు ఆగి, జనవరి చివరలో చేయించిన ఆ పరీక్షలో పరిమాణం 2.2 మిల్లీలీటర్లు, కౌంట్ 31 మిలియన్లు, కదలిక 38 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 పుస్తకం ప్రకారం దిగువ హద్దు కౌంట్‌కు 16 మిలియన్లు, కదలికకు 42 శాతం. కదలిక మాత్రమే కొంచెం తక్కువ, దానికి వాష్ చేసి (చురుకైన కణాలను వేరుచేసి) ఐయూఐ చేయడం సరైన మార్గమన్నారు. వైండింగ్‌కు వార్నిష్ పట్టించాక మోటార్లను ఆరబెట్టే వేడి పెట్టె దగ్గర ఎక్కువసేపు నిలబడవద్దని కూడా ఆయనకు చెప్పారు.

ఇక చికిత్స త్వరగా చెబుతాను. నెలసరి రెండవ రోజు స్కాన్, మూడవ రోజు నుంచి ఐదు రోజులు లెట్రోజోల్, మధ్యలో రెండు సూదులు, పదవ రోజు నుంచి స్కాన్లు. లెట్రోజోల్ డబ్బాలోని కాగితం మీద రొమ్ము క్యాన్సర్ మందని చదివి బెంబేలెత్తిపోయాను. సంతానం కోసం దీని వాడకాన్ని మన దేశంలో 2011లో నిషేధించి, 2017లో ఆ నిషేధాన్ని ఎత్తివేశారని, ఇప్పుడు అండం పెరగడానికి ఇదే ముందు వాడతారని డాక్టరమ్మ చెప్పాక వేసుకున్నాను. అండం ఉన్న బుడగ (ఫాలికల్) 19 మిల్లీమీటర్లకు రాగానే గురువారం రాత్రి తొమ్మిది గంటలకు మా వీధిలోని నర్సమ్మ అండాన్ని విడుదల చేయించే రప్చర్ సూది వేసింది, శనివారం ఉదయం ఐయూఐ అయింది. అది ఐదు నిమిషాల పని, నొప్పి లేదు. చేసే ముందు వీర్యం ఉన్న ట్యూబు మీద మా ఇద్దరి పేర్లనూ నాతో పైకి చదివించారు; ఈ పని చేయని చోట చేయించుకోకండి.

మొదటి సైకిల్‌లో నేనొక తప్పు చేశాను. రప్చర్ సూది పడిన తొమ్మిదవ రోజునే ఇంట్లో గర్భ పరీక్ష పట్టీతో పరీక్షించుకుంటే సన్నని రెండో గీత కనిపించింది. అత్తమ్మకు చెప్పాను, ఆమె దేవుడి ముందు దీపం పెట్టింది. ఐదు రోజులకు నెలసరి వచ్చింది. రప్చర్ సూదిలో ఉండేది గర్భం వచ్చినప్పుడు ఒంట్లో తయారయ్యే హార్మోన్ హెచ్‌సీజీ, పట్టీ చూసేదీ హెచ్‌సీజీనే. సూది మందు పది రోజుల దాకా ఒంట్లో ఉండి అలా గీతను చూపిస్తుంది. అత్తమ్మకు మళ్లీ చెప్పవలసి వచ్చిన ఆ సాయంత్రం మరెవరికీ రాకూడదు.

ఇప్పుడు లెక్క. మొదటి సైకిల్‌కు ఫీజు 400, మాత్రలు 210, రెండు సూదులు 1,900, స్కాన్లు అన్నీ కలిపి 1,800, రప్చర్ సూది 450, వాష్‌తో ఐయూఐ 6,500, తరువాత గర్భం నిలవడానికి వేసుకునే ప్రొజెస్టిరాన్ మాత్రలు 620. మొత్తం 11,880 రూపాయలు. రెండవ సైకిల్‌లో ఒక సూది ఎక్కువ పడి 12,830 అయింది. మొదటి క్లినిక్ ప్యాకేజీలో ఇదే ఒక్కోసారికి 22,000. హెచ్‌ఐవీ పరీక్ష వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలోని ఐసీటీసీలో (హెచ్‌ఐవీ సలహా, పరీక్షల కేంద్రంలో) ఉచితంగా చేశారు. స్కాన్లకు నేను ఒంటరిగానే వెళ్లాను. 2023 డిసెంబరు నుంచి ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు బస్సులలో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కనుక ఒక సైకిల్‌కు నాలుగు ప్రయాణాల ఖర్చు మిగిలింది, యాసంగిలో మోటార్లు వరుసగా కాలిపోయే రోజులలో ఆయన దుకాణమూ మూతపడలేదు. ఆరోగ్య బీమా మీద ఆశ పెట్టుకోకండి. మా పాలసీ మినహాయింపుల జాబితాలో సంతానలేమి చికిత్స 17వ అంశంగా స్పష్టంగా ఉంది. డబ్బు కోసం 60,000 రూపాయల చిట్టీ ఎత్తుకున్నాము.

పాత క్లినిక్ నా హెచ్‌ఎస్‌జీ ఫిల్మునూ, 10,000 అడ్వాన్సునూ ఇవ్వడానికి రెండుసార్లు తిప్పింది. మూడవసారి, చట్టం ప్రకారం ప్రతి క్లినిక్‌లో ఉండవలసిన ఫిర్యాదుల విభాగం పేరిట తెల్ల కాగితం మీద అర్జీ రాసి, రెండవ ప్రతి మీద ముద్ర వేసి సంతకం పెట్టమన్నాను. ముద్ర వేయడానికి బదులు అరగంటలో ఫిల్మునూ 6,500 రూపాయలనూ చేతిలో పెట్టారు. మిగతా 3,500 ఫైలు ఖర్చులట. దాన్ని వదిలేశాను, కానీ డిసెంబరులో నోరు రాని నేను ఆ రోజు కౌంటరు దగ్గర గొంతు వణకకుండా మాట్లాడాను.

అన్నీ పోగా చిట్టీ డబ్బులో 20,390 మిగిలింది. అవసరమైతే మూడవ సైకిల్‌కు సరిపోతుంది. అదీ నిలవకపోతే ఐవీఎఫ్ సంగతి అడగడానికి సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023 అక్టోబరులో ప్రారంభించిన ప్రభుత్వ కేంద్రానికి వెళ్లాలని అనుకున్నాము. రక్త పరీక్ష వచ్చే శనివారం కాక ఆ పై శనివారం. ఈసారి ఇంట్లో పట్టీ కొనలేదు.