ఫైలంతా దింపకుండా ఫిగ్మా వివరాలు మాత్రమే తెచ్చుకోవాలంటే

డిజైనర్ అనంతపురంలో, ప్రింటింగ్ ప్రెస్ కర్నూలులో, పని ఇచ్చిన షోరూమ్ కడపలో ఉంటే రోజూ వచ్చే ప్రశ్న ఒకటే: ఏ ఫైల్ కొత్తది? వాట్సాప్ గ్రూపు తవ్వుకోనక్కర్లేదు, ఆన్‌లైన్ డిజైన్ టూల్ ఫిగ్మా ఇచ్చే రెస్ట్ ఏపీఐని (మన ప్రోగ్రామ్ నేరుగా వివరాలు అడిగే దారి) అడిగితే చాలు.

కావాల్సినవి టోకెన్ (మీరెవరో ఏపీఐకి చెప్పే రహస్య సంకేతం), ఫైల్ కీ (ఫైల్ గుర్తింపు). టోకెన్ ఫిగ్మా సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద తయారవుతుంది. ఒక్కసారే కనిపిస్తుంది కాబట్టి వెంటనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (కోడ్ బయట కంప్యూటర్‌లో దాచే విలువ) పెట్టుకోండి, కోడ్‌లో రాసి గిట్‌హబ్‌కి ఎక్కించొద్దు. ఇక కీ అంటే, లింకులో ‘డిజైన్’ అన్న మాట పక్క స్లాష్ తర్వాత వచ్చే అక్షరాల గుంపు. పాత లింకుల్లో అక్కడ ‘ఫైల్’ అని ఉంటుంది.

పైథాన్‌లో రిక్వెస్ట్స్ లైబ్రరీతో వీ1 ఫైల్స్ చిరునామాకు కీ తగిలించి గెట్ రిక్వెస్ట్ (సమాచారం ఇమ్మనే అభ్యర్థన) పంపండి. టోకెన్ పోవాల్సింది ఎక్స్-ఫిగ్మా-టోకెన్ హెడర్‌లో (రిక్వెస్ట్‌తో పాటు వెళ్లే అదనపు సమాచారం). ఆథరైజేషన్ బేరర్ హెడర్ ఓఆథ్ (వాడేవారి అనుమతితో వేరే యాప్ పొందే) టోకెన్లకు.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఏమీ చెప్పకపోతే ఏపీఐ ఫైల్‌లోని ప్రతి లేయర్‌నూ పంపుతుంది. పేరు, వెర్షన్, చివరిగా మార్చిన సమయం కోసం పదుల ఎంబీల జేసన్ (ఏపీఐ జవాబు వచ్చే టెక్స్ట్ రూపం) దింపుకోవడం దండగ. డెప్త్=1 పెడితే పేజీల వరకే వస్తుంది, 2 పెడితే పేజీల్లోని పై ఫ్రేములూ వస్తాయి. పేజీలు కూడా అక్కర్లేదంటే చివర మెటా అని ఉండే ఎండ్‌పాయింట్ (ఏపీఐ చిరునామా) మేలు. దానికి టోకెన్‌లో మెటాడేటా (ఫైల్ గురించిన వివరాలు) చదివే స్కోప్, అంటే అనుమతి, ఉండాలి. టైమ్‌అవుట్ 30 సెకన్లు మీరే ఇవ్వండి. రిక్వెస్ట్స్ తనంతట పెట్టుకోదు, సర్వర్ పలక్కపోతే స్క్రిప్ట్ అలాగే కూర్చుంటుంది.

సమయం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం), చివర జెడ్‌తో వస్తుంది. మనకు 5:30 గంటలు కలపాలి. 15వ తేదీ తెల్లవారుజామున 2 గంటలకు అనంతపురంలో చేసిన మార్పు అందులో 14వ తేదీ 20:30గా కనిపిస్తుంది. ‘నిన్నటి ఫైలే కదా’ అని ప్రెస్‌వాళ్లు పాతదాన్ని అచ్చుకు పంపేది ఇందుకే. పైథాన్ 3.11 కంటే ముందు వెర్షన్లలో తేదీని చదివే ఫ్రమ్ఐసోఫార్మాట్ ఆ జెడ్‌ని ఒప్పుకోదు, దాని బదులు ప్లస్ 00:00 పెట్టి ఇవ్వాలి.

ఫైల్ పేరు ‘కర్నూలు దసరా ఆఫర్’ అని తెలుగులో ఉంటే తెచ్చిన వివరాల సీఎస్‌వీని (ఎక్సెల్‌లో తెరిచే పట్టిక ఫైల్) యూటీఎఫ్-8-సిగ్ ఎన్‌కోడింగ్‌లో రాయండి, లేకపోతే ఎక్సెల్‌లో అక్షరాలు పిచ్చిగీతలవుతాయి. జేసన్‌గా దాచేటప్పుడు తెలుగు అలాగే ఉండాలంటే ఎన్‌ష్యూర్_ఆస్కీ=ఫాల్స్ ఇవ్వాలి.

జవాబుగా 403 ఎర్రర్ వస్తే టోకెన్ గడువు, స్కోప్ చూడండి. 404 అయితే ముందు కీని అనుమానించండి. 429 (మరీ ఎక్కువసార్లు అడిగారు) వస్తే రిట్రై-ఆఫ్టర్ హెడర్‌లో ఉన్నన్ని సెకన్లు ఆగాలి. వెంటవెంటనే మళ్లీ కొడితే అంతే సంగతులు. లింకులో 12-34గా కనిపించే నోడ్ (ఫైల్‌లోని ఒక్కో లేయర్) ఐడీ, ఏపీఐ జవాబులో 12:34 అని వస్తుంది. రెండూ పోల్చేటప్పుడు హైఫన్‌ను కోలన్‌గా మార్చుకోండి. థంబ్‌నెయిల్ లింకుకు గడువుంటుంది, షీట్‌లో లింకు పెట్టే బదులు బొమ్మను దింపి దాచుకోండి.