ఫ్యూచరామాకి సీజన్లు ఎన్ని? డీవీడీలు సర్దుకున్న నా అనుభవం

అమెరికాలో చదువుకునే రోజుల్లో కొన్న ఫ్యూచరామా అనే యానిమేషన్ టీవీ షో డీవీడీలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఇంట్లో టీవీలో చూసుకునేలా మీడియా సర్వర్ పెట్టాను. కాపీ చేయడం తేలిగ్గానే అయిపోయింది. టెన్షనంతా ఫైళ్ళకు సీజన్ నంబర్లు వేసేటప్పుడే.

మొదటి డీవీడీ సెట్‌లో 13 ఎపిసోడ్లున్నాయి. సాఫ్ట్‌వేర్ 9 మాత్రమే గుర్తుపట్టి, మిగతా నాలుగింటినీ పేరు లేకుండా వదిలేసింది. రెండో సీజన్ నుంచి ఇంకా ఘోరం. ఒక కథ పక్కన ఇంకో కథ సారాంశం కనిపిస్తోంది. ఫైళ్ళలో ఏ లోపమూ లేదు. నా డిస్కులది ఒక లెక్క, సాఫ్ట్‌వేర్ వివరాలు తెచ్చుకునే ఆన్‌లైన్ డేటాబేస్‌ది ఇంకో లెక్క.

ఈ తేడా ఫాక్స్ చానల్ దగ్గర మొదలైంది. 1999 నుంచి 2003 వరకు అక్కడ వచ్చినవి 72 ఎపిసోడ్లు. తీసినవాళ్ళు వాటిని నాలుగు సీజన్లుగా తీశారు: 13, 19, 22, 18. ఫాక్స్ అవే 72నీ ఐదు సీజన్లుగా వేసింది. చాలాకాలం ఈ షో ఆదివారం సాయంత్రం 7 గంటలకు వచ్చేది. అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఆలస్యమైతే ఆ వారం ఎపిసోడ్ ఉండదు. అలా మిగిలిపోయినవి పోగుపడి, ఐదో సీజన్‌కి సరిపడా అయ్యాయి.

షోలో హీరో ఫ్రై కుక్క సీమోర్ కథ ‘జురాసిక్ బార్క్’ అందుకే డీవీడీలో నాలుగో సీజన్ ఏడో ఎపిసోడ్, ప్రసారం ప్రకారం ఐదో సీజన్ రెండో ఎపిసోడ్. నాకు చాలా ఇష్టమైన కథ అది. మా బావతో ఫోన్లో దాని గురించి మొదలుపెడితే మాట నంబర్ల మీదికి పోయింది.

"జనం టీవీలో ఏ వరసలో చూశారో అదే సీజన్ బావా. డబ్బా మీద ఏం రాస్తే ఏంటి?" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. నాలుగో సీజన్‌లో మొదట తయారైంది కిఫ్ అనే పాత్ర గర్భం దాల్చే కథ. రెండోది లీలా అనే పాత్ర తల్లిదండ్రులెవరో బయటపడే కథ. ఫాక్స్‌లో లీలా కథ 2002 ఫిబ్రవరిలో వస్తే, కిఫ్ కథ 2003 జనవరిలో వచ్చింది. మ్యాచ్‌ల వల్ల చెదిరిపోయిన వరసని రచయితల వరస అని ఎలా అంటాం? ప్రతి ఎపిసోడ్‌కీ ఒక ప్రొడక్షన్ కోడ్ ఉంటుంది. అందులో మొదటి అంకె చూస్తే ఏ సీజన్ కోసం తీశారో తెలిసిపోతుంది.

చివరికి పని కుదిరింది ఒక సెట్టింగ్‌తో. డేటాబేస్‌లో ప్రసార క్రమం, డీవీడీ క్రమం అని రెండూ ఉంటాయి. ఈ షో ఒక్కదానికే డీవీడీ క్రమం ఎంచుకుని, ఫైళ్ళ పేర్లు డిస్కుల ప్రకారమే ఉంచి, వివరాలు మళ్ళీ తెప్పించాను. మీరూ ఇలా చేయబోతుంటే ముందు ఆ సెట్టింగ్ చూసుకోండి. ఫైళ్ళ పేర్లు మార్చడం మొదలుపెడితే రెండు లెక్కలూ కలిసిపోయి విడదీయడం కష్టం.

తర్వాత సినిమాల సంగతి. 2007 నుంచి 2009 వరకు నేరుగా డీవీడీలో వచ్చిన నాలుగు సినిమాలని కామెడీ సెంట్రల్ చానల్ ఒక్కోటి నాలుగు ముక్కలు చేసి, 16 ఎపిసోడ్లుగా వేసింది. తయారీ లెక్కలో అదే ఐదో సీజన్. డిస్కులో సినిమాగా వచ్చినదాన్ని కోయడానికి నాకు మనసొప్పలేదు. సినిమాల విభాగంలోనే పెట్టాను. అందుకే మా సర్వర్‌లో నాలుగో సీజన్ తర్వాత ఆరోది ఉంటుంది.

2013లో ఆగిపోయిన షోని 2023లో హులూ అనే స్ట్రీమింగ్ సర్వీస్ మళ్ళీ తెచ్చినప్పుడు దాన్ని 11వ సీజన్ అంది. "చూశావా, వాళ్ళే చెప్పారు" అని బావ ఫోన్ చేశాడు. వాటి ప్రొడక్షన్ కోడ్ 8తోనే మొదలవుతుందని చెప్పాను. అయినా ఆ ఎపిసోడ్ల గురించి మాట్లాడుకునేటప్పుడు హులూ నంబరే వాడుతున్నాను. వాటిని నేను స్ట్రీమింగ్‌లోనే చూశాను, నా అరలో వాటి డిస్కులు లేవు.