వేసవి సెలవులు, గొడుగు మాస్టారి బీరువా

మన బడి పాత విద్యార్థుల సంచిక కమిటీ వాళ్ళు వాట్సాప్‌లో ఒకటే వెంటపడుతున్నారు, "ఒరే నువ్వు దేశాలు తిరిగొచ్చావ్ కదా, ఏదోటి రాయి, రెండు పేజీలు చాలు" అని. దేశాల గురించి రాస్తే మీరెవరూ చదవరని నాకు తెల్సు. పోనీ బడి సంగతులు రాద్దామంటే గంట మాయమైన రోజు, ఎన్‌సీసీ క్యాంపులో ఉప్మా, సైన్స్ మేడం స్కూటరు, ఇవన్నీ జీడిపాకంగాడు ఈపాటికే రాసి ఇచ్చేసుంటాడు, అదీ సగం కల్పించి. అందుకని నేను వేసవి సెలవుల్లో చదివిన పుస్తకాల గురించి రాస్తున్నా. నవ్వకండి, పోలీసుగాడు మరీ నవ్వక్కర్లేదు.

ఒంటిపూట బళ్ళు మొదలైన దగ్గర్నుంచి మన గొడుగు మాస్టారికి బీరువా గొడవ పట్టుకునేది గుర్తుందా? ఏప్రిల్ 23 ఆఖరి రోజు, ఆలోపు లైబ్రరీ పుస్తకాలన్నీ వెనక్కొచ్చేయాలి, లెక్క చూసి తాళం వేసేయాలి, మళ్ళీ జూన్‌లోనే తీయడం. అది రూలు. మాస్టారు ఏం చేసేవారంటే, అన్నీ లెక్కకి అప్పజెప్పేసి, మర్నాడు తన పేరు మీద ఓ ముప్ఫై పుస్తకాలు రాయించుకుని సంచుల్లో వేసుకుని అల్లిపురం ఇంటికి పట్టుకొచ్చేసేవారు. పుస్తకం పోతే జీతంలో కోత. "చెదలకి తెలుగు రాదు, మీకు కొంచెం వచ్చు, పట్టుకెళ్ళండ్రా గుంటలూ" అనేవారు. ఆ ఉక్కపోతలో, కరెంటు లేని మధ్యాహ్నం, ఆయన అరుగు మీద తాటి ముంజలు పంచినట్టు పుస్తకాలు పంచేవారు, ఎవడికి ఏది ఇవ్వాలో ముందే అనుకుని ఉండేవారు కూడాను.

చందమామ బైండ్లు చిన్నోళ్ళకి. బుడుగు అడిగితే "అది మీ చెల్లికిచ్చాను, ఆవిడ చదివాక నీకు" అని చెప్పి పంపేసేవారు, చెల్లేమో నెల తర్వాత కూడా ఇచ్చేది కాదు. రావిశాస్త్రి గారి అల్పజీవి నేను రెండుసార్లు అడిగాను, మన వైజాగ్ ప్లీడరు గారు రాసింది కదా అని, "కాలేజీకెళ్ళి నలుగురి దగ్గర అప్పుచేశాక చదువు, అప్పుడు అర్థమవుద్ది" అన్నారు. నిజమే అయింది, అందులో సుబ్బయ్య భయం నాకు పాలిటెక్నిక్ ఫీజు కట్టే రోజుల్లో గానీ ఎక్కలేదు.

ఇక అసలు సంగతి. ఎనిమిదో క్లాసు సెలవులు. మొక్కపాటి వారి హాస్య నవల బారిస్టర్ పార్వతీశం ఒకటే కాపీ, మూడు భాగాలూ కలిపి కాలికో బైండు చేసిన లావుపాటి పుస్తకం, కావాలన్నది ముగ్గురం. నేను, జీడిపాకంగాడు, పోలీసుగాడు. అరుగు మీదే కొట్టుకునే పరిస్థితి వచ్చింది. మాస్టారు కాసేపు చూసి లోపలికెళ్ళి బ్లేడు తెచ్చి బైండు విప్పేశారు! మూడు ముక్కలు చేసి మొదటిది కంచరపాలెం పోలీసుగాడికి, రెండోది నాకు, మూడోది కొత్త రోడ్డు జీడిపాకంగాడికి ఇచ్చి, పదిహేను రోజులకోసారి ఆదివారం పూర్ణా మార్కెట్‌లో పుచ్చకాయల బండి దగ్గర మార్చుకోండి, జూన్‌లో నేను మళ్ళీ కుట్టేస్తాను అన్నారు. ఇప్పుడు ఏ మాస్టారైనా స్కూలు పుస్తకం కోస్తే ఊరుకుంటారా?

నా బాధ ఏంటంటే నేను మధ్యలోంచి మొదలెట్టాను. పుస్తకం తెరిచేసరికే పార్వతీశం దొరల సీమలో ఉన్నాడు. ఎవడు, ఎలా వెళ్ళాడు, డబ్బులెవరిచ్చారు, ఏం తెలీదు. ఎవరో జమీందారు గారబ్బాయి, మహా తెలివైనోడు, దర్జాగా ఫస్ట్ క్లాసులో వెళ్ళుంటాడు అని నేనే ఓ కథ అల్లేసుకున్నా. మార్కెట్ దగ్గర కలిసినప్పుడు పోలీసుగాడు "టోపీ" అంటాడు, పడీపడీ నవ్వుతాడు. చెప్పరా అంటే చెప్పడు. మూడోది నాకొచ్చింది, మొదటిది కొత్త రోడ్డుకెళ్ళింది, రెండోది కంచరపాలెం. ఇక మధ్యలో కనపడితే ఇద్దరూ కలిసి "టోపీ" అని నవ్వడం. ఇప్పటికి పార్వతీశం బారిస్టరు అయిపోయి, దేశానికి తిరిగొచ్చేసి, ప్రాక్టీసు పెట్టేశాడు నా చేతిలో, కానీ ఆయన మొగల్తూరు నుంచి ఎలా బయల్దేరాడో మాత్రం నాకు తెలీదు.

రెండో మార్పిడికి మావాళ్ళంతా సింహాచలం తీసుకుపోయారు, ఆ ఆదివారం కొండ దిగేసరికే రాత్రయింది. మర్నాడు వెళ్తే జీడిపాకంగాడు "నువ్వు రాలేదని పోలీసుగాడికిచ్చేశాను" అన్నాడు. పోలీసుగాడు "నాకేటి ఇచ్చాడు, ఏటీ ఇవ్వనేదు" అన్నాడు. అంతే, మొదటి భాగం మళ్ళీ కనపడలేదు.

జూన్‌లో మాస్టారు తిట్టలేదు. మైదా కాచి, దబ్బనంతో రెండో భాగం, మూడో భాగం కలిపి కుట్టి, రిజిస్టర్లో ఎర్రసిరాతో "మొదటి భాగం – ప్రయాణంలో ఉన్నది" అని రాసి హెడ్మాస్టారి దగ్గరికి పట్టుకెళ్ళారు. పెద్దాయన చదివినోడే కాబోలు, నవ్వాపుకుంటూ సంతకం పెట్టారట. డబ్బులు మాత్రం మాస్టారే కట్టుకున్నారని అటెండరు చెప్తే తెలిసింది.

తర్వాత టెన్తు, పాలిటెక్నిక్, సింధియాలో షిప్‌యార్డు అప్రెంటిస్, పరీక్షలు... అవన్నీ వదిలేద్దాం. మొదటి ఓడ ఎక్కే ముందు విశాలాంధ్రలో పార్వతీశం మూడు భాగాలూ కొన్నాను. జూనియర్ ఇంజనీరుగా థర్డ్ ఇంజనీరుతో పన్నెండు-నాలుగు వాచీ (ఓడలో డ్యూటీని అలాగే అంటారు), ఇంజన్ రూములో ఆ వేడి మన మే నెల కూడా దిగదుడుపే, సముద్రం పడక కడుపులో తిప్పుడు. తెల్లారగట్ల వాచీ దిగి, కేబిన్లో పడుకుని మొదటి భాగం తీశాను. అప్పుడు చదివాను, ఇంట్లో చెప్పకుండా బయల్దేరడం, మద్రాసులో దొరసాని టోపీ కొనుక్కుని మహా దర్జాగా పెట్టుకోవడం. ఒక్కణ్ణే పగలబడి నవ్వుతుంటే పక్క కేబిన్ మలయాళీ ఆయన, ఏమైంది, హోమ్‌సిక్కా అని తలుపు కొట్టాడు. నేను అల్లుకున్న జమీందారు గారబ్బాయి ఆరోజుతో పోయాడు. ఓ పల్లెటూరి కుర్రాడు, అచ్చం మనలాంటోడే, ఏమీ తెలీకుండా ధైర్యంగా ఓడెక్కేశాడు! నన్ను స్టేషన్లో దింపడానికి మా అమ్మ ఆవకాయ జాడీతో వచ్చింది, అదొక్కటే తేడా.

సూయజ్ కాలువ 193 కిలోమీటర్లు, పగలంతా ఇసకే. అది దాటాక పోర్ట్ సయీద్‌లో ఏజెంటు చేత మాస్టారికి ఉత్తరం పోస్టు చేయించాను, "మొదటి భాగం చేరింది మాస్టారూ" అని. ఇంటికొచ్చేసరికి కార్డు ఉంది. "రిజిస్టరు దిద్దమంటావా? ఆడిటర్లు ఒప్పుకోరేమో" అని ఒకే ఒక్క లైను.

ఇప్పుడు చీఫ్ ఇంజనీరుగా చాలా ఓడలే చూశాను, ఎంవీపీ కాలనీలో ఇల్లు ఉంది, అమ్మాయి ఆంధ్రా మెడికల్ కాలేజీలో హౌస్ సర్జన్. గొప్ప కోసం చెప్పట్లేదు (కొంచెం గొప్పకే). ఓడ ఎక్కిన ప్రతిసారీ పెట్టెలో రెండు మూడు తెలుగు పుస్తకాలుంటాయి, అందులో ఒకటి మారదు. మా అమ్మాయికీ ఓ వేసవిలో అదే పుస్తకం ఇచ్చాను, మొదటి భాగం దాచేసి. వారం రోజులు నాతో మాట్లాడలేదు.

రెండు పేజీలు దాటిపోయింది, కమిటీ వాళ్ళు కోస్తే ముందు పేరాలో కోసుకోండి, మాస్టారి జోలికి రావద్దు. ఇక పోలీసుగాడా, జీడిపాకంగాడా, మీ ఇద్దర్లో ఎవడో ఒకడి అటక మీద ఉంటుందది. జనవరిలో కలిసినప్పుడు పట్టుకొచ్చేయండి, ఎన్నేళ్ళ ఫైనైనా నేనే కడతాను. వచ్చేటప్పుడు టోపీ పెట్టుకుని రావాలి, ఏ టోపీయో చెప్పక్కర్లేదు.